లోపలి మడత

మెడలో టేపు వేసుకుని టైలరమ్మ గేటు దాటిందంటే పిల్లలింట్లో ఇక చదువు సాగదు. తెరిచిన పుస్తకాలు తెరిచినట్టే ఉంటాయి, ఆడపిల్లలు మాత్రం వరండాలోకి వచ్చి పడతారు. "టైలరత్తా, ముందు నాది!" "కాదు, నాది!" అని ఒకటే గోల. ఆవిడ కూడా తక్కువది కాదు. "మీ అరుపులకి నా సూదులు బెదిరిపోతున్నాయే! వరసలో నిలబడతారా, నన్ను వెనక్కి పొమ్మంటారా?" అని గదమాయించి, చాప పరుచుకుని సంచీ విప్పుతుంది.

ఇల్లూ వాకిలీ లేని పిల్లల్ని చేరదీసి, తిండి పెట్టి, చదువు చెప్పించే చోటు అది. బయట బోర్డు మీద ఏదో బారెడు పేరుంది గానీ, వీధిలో అందరూ పిల్లలిల్లు అనే అంటారు. ఏడాదికోసారి చందాలిచ్చే పెద్దలు అక్కడికి చూడ్డానికి వస్తారు. వాళ్ళు రావడానికి కొన్నాళ్ళ ముందు టైలరమ్మ వచ్చి ఆడపిల్లలందరికీ కొత్త గౌన్లకి కొలతలు తీసుకుంటుంది.

కొలతలకి ముందు ఆవిడ చేసే పని ఇంకొకటుంది. పోయినేడు తను కుట్టిన గౌన్లన్నీ తెప్పించుకుని, అడుగున లోపలికి మడిచిన మడత కుట్లు విప్పుతుంది. ఎదిగే పిల్లకి గౌను కుట్టేటప్పుడు నాలుగు వేళ్ళ గుడ్డ లోపలికి మడిచి పెట్టడం ఆవిడ అలవాటు. ఏడాది తిరిగేసరికి పిల్ల పొడుగవుతుంది, గౌను పొట్టవుతుంది. మడత విప్పితే మళ్ళీ సరిపోతుంది. పైనంతా ఉతుకులకి వెలిసిపోయినా, మడతలో దాక్కున్న పట్టీ మాత్రం కొత్త గుడ్డలా నిగనిగలాడుతూ బయటికొస్తుంది. ఆ పట్టీ చూసుకోవడం పిల్లలకి పెద్ద సంబరం. నేనింత ఎదిగానంటే నేనింత ఎదిగానని వేళ్ళు ఆనించి కొలుచుకుంటారు.

ఆ సంబరంలో కలవకుండా స్తంభం పక్కన నిలబడ్డ పిల్ల ఒకర్తి టైలరమ్మ కంటబడింది. బక్కపలచటి పిల్ల. దువ్విన జుట్టు అప్పుడే రేగిపోయి ఉంది. కళ్ళు క్షణం ఒక చోట నిలవవు, గేటు వైపోసారి, గౌన్ల వైపోసారి తిరుగుతున్నాయి.

"నీ గౌనేదే?" అంది టైలరమ్మ.

"నాకు లేదు. పోయినేడు నేను లేను."

"అది పిట్ట, టైలరత్తా!" అని వరసలోంచి ఎవరో అరిచారు. "ఎక్కడా ఉండదు. ఎగిరిపోతుంది!"

బస్టాండులో బెంచీ కింద పడుకునే పిల్లని తీసుకొచ్చారట. వచ్చాక రెండుసార్లు గోడ దూకి మళ్ళీ ఆ బెంచీ కిందికే పోయిందట. అందుకే పిల్లలు ఆ పేరు పెట్టారు.

"ఎగిరే పిట్టకైనా ఈకలు కావాలి కదే. రా, ఇలా నిలబడు" అంది టైలరమ్మ.

పిట్ట వచ్చింది గానీ, టేపు భుజానికి తగలగానే కొయ్యలా బిగుసుకుపోయింది. టైలరమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. కాసేపాగి, టేపు కొస ఆ పిల్ల వేళ్ళ మధ్య పెట్టింది. "ఇది నువ్వు పట్టుకో. వదిలావనుకో, కొలత తప్పుతుంది. అప్పుడా గౌను మీ వాచ్‌మన్ తాతకి తొడగాలి."

పిట్ట మూతి ముడిచింది. నవ్వు ఆపుకోవడానికని తర్వాత తెలిసింది. కొలతలన్నీ అయ్యేదాకా కొస వదల్లేదు.

"నాక్కూడా మడత పెడతావా?"

"పెట్టక?"

"వచ్చే ఏడు విప్పుతావా?"

"విప్పక? అప్పటికి తాటిచెట్టంత అవుతావు, గౌను మోకాళ్ళ పైకి పోతుంది."

"అప్పుడు నేనిక్కడే ఉంటానా?"

"ఉండక ఎక్కడికి పోతావే!"

నోట్లో గుండుసూదులు పెట్టుకుని, పనిలో పనిగా అలవోకగా అనేసిన మాట అది. పిట్ట మాత్రం ఆ మాట విని చాలాసేపు అక్కడే నిలబడింది. టైలరమ్మ సంచీ సర్దుకుంటుంటే దగ్గరికొచ్చి, "నీ షాపెక్కడ?" అని అడిగింది.

"పాత వంతెన దిగగానే. కత్తెర బొమ్మ ఉంటుంది చూడు, అదే."

పిల్లలింటిని నడిపే ఆవిడని పిల్లలు పెద్దమ్మ అంటారు. ఆవిడ టైలరమ్మని లోపలికి పిలిచి, లేత నీలం గుడ్డ తాను ముందు పెట్టింది. "ముందు అతిథుల గదిలో బల్లకి గుడ్డ కుట్టు. నేల దాకా వేలాడాలి. అంచుకి ఏదైనా అల్లిక పని కూడా ఉంటే బావుంటుంది. ఆ తర్వాత పిల్లలవి. మిగిలితే ఆ కొత్తపిల్లకి."

"మిగిలితేనా మేడం?"

"నాకేమన్నా సరదానా చెప్పు? అది నిలిచే పిల్ల కాదు. ఇంకొక్కసారి గోడ దూకితే ఊరి బయట కాపలా పెట్టి ఉంచే హాస్టలుకి పంపెయ్యమని కమిటీవాళ్ళు ఖరాఖండిగా చెప్పేశారు. దాని మంచం కోసం బయట ఎంతమంది పిల్లలు చూస్తున్నారో నీకేం తెలుసు? ఇవాళో రేపో పోయేదానికి గుడ్డ తగలేసి ఏం లాభం?"

ఏమాటకామాటే చెప్పుకోవాలి. పెద్దమ్మ చెడ్డది కాదు. పిల్లకి ఒళ్ళు వెచ్చబడితే మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చునే మనిషి. కాకపోతే ఇల్లు నడవాలంటే చందాలు రావాలి, చందాలు రావాలంటే వచ్చినవాళ్ళ కంటికి అన్నీ నదురుగా కనపడాలి. ఆ ఆరాటంలో బల్ల ముందుకొచ్చింది, పిల్ల వెనక్కి పోయింది. టైలరమ్మకి మనసు చివుక్కుమంది గానీ, "అలాగేనండి" అని ఆ గుడ్డ తాను చంకన పెట్టుకుని వచ్చేసింది.

షాపులో మిషను టైలరమ్మది, కాజాలూ గుండీలూ చేతికుట్టూ ఆవిడ అత్తగారివి. అత్తగారి నోట్లో నువ్వుగింజ నానదు. ఆ రోజు కత్తెర ఆడినంతసేపూ ఆవిడ నోరు కూడా ఆడుతూనే ఉంది.

"బల్లకి నేల దాకా ఎందుకే? దాని కాళ్ళు కనిపిస్తే పరువు పోతుందా?"

"మేడం చెప్పింది అత్తయ్యా."

"ఆవిడ చెప్తుంది. కత్తెర నీ చేతిలో ఉంది కదా!"

టైలరమ్మ సుద్దముక్కతో గీతలు గీసుకుంటూ, ముందు బల్లగుడ్డ కోసింది. అది పక్కకి పోయేసరికి గుడ్డ తాను సగమైపోయినట్టనిపించింది. ఆ తర్వాత పెద్దపిల్లలవి, చిన్నపిల్లలవి. ముక్క వృథా కాకుండా చేతుల మధ్య మెడలూ, మెడల మధ్య జేబులూ ఇరికించి కోసింది. అయినా చివరికి పిట్ట కొలత పక్కన పెట్టుకుని మిగిలిన గుడ్డ పరిస్తే, గౌను పొడుగు సరిపోయింది గానీ లోపలికి మడవడానికి వేలెడు గుడ్డ కూడా లేదు. అటు తిప్పింది, ఇటు తిప్పింది. గుడ్డ సాగదు కదా!

"అడుగు. ఇంకో మూర తెప్పించమని అడుగు" అంది అత్తగారు.

"మిగిలితేనే కుట్టమంది అత్తయ్యా. మళ్ళీ గుడ్డ అడిగితే ఏమంటుందో."

"ఏమంటుంది? కొరుకుతుందా?"

కొరకదు. కానీ ఎదురు మాట్లాడే టైలరెందుకని వచ్చే ఏడు పని ఇంకొకరికిస్తే? టైలరమ్మ భయం అది. పైకి మాత్రం, "సన్నగా మడిచి అంచు కుట్టేస్తాను. పైపైన చూస్తే తెలీదు" అంది.

"పెద్దవాళ్ళకి తెలీదు. పిల్లలవి డేగ కళ్ళే" అని అత్తగారు సూదిలో దారం ఎక్కించుకుంది.

పెద్దలొచ్చే రోజు రేపనగా, పొద్దున్నే టైలరమ్మ గౌన్లు తీసుకుని వెళ్ళింది. బల్లగుడ్డ అంచు అల్లిక ఇంకా అత్తగారి ఒళ్ళోనే ఉంది. మర్నాడు తెస్తానని చెప్పింది.

గౌను చేతికి రాగానే ఏ పిల్లా మెడ చూడలేదు, గుండీలు చూడలేదు. అందరూ అడుగు భాగం తిరగేసి మడత మీద వేళ్ళు పెట్టారు. "నాది నాలుగు వేళ్ళు!" "నాది అయిదు, చూడు!" ఈ ఆట ఉందని తెలిసి తెలిసి టైలరమ్మ ఎలా మర్చిపోయింది?

పిట్ట కూడా గౌను తిరగేసింది. ఒక వైపు చూసింది. తిప్పి రెండో వైపు చూసింది. దారం మందాన ఉన్న అంచు మీద వేలు పెట్టి చుట్టూ ఓసారి తిప్పింది.

"నాదాంట్లో ఏం లేదేంటి?"

"నీది కొత్త మోడలే" అంది టైలరమ్మ. అన్న మరుక్షణం నాలుక కొరుక్కుంది.

పిట్ట గౌను నాలుగు మడతలు పెట్టి, గుండెలకి ఆనించుకుని లోపలికి పోయింది. ఏడ్చి ఉంటే బావుండేది. అందరి ముందూ గోల చేసినా బావుండేది. టైలరమ్మ కాసేపు తచ్చాడి, పెద్దమ్మతో ఏదో చెప్పాలనుకుని, చెప్పలేక, వేరే వీధిలో కర్టెన్ల కొలతలున్నాయని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం కిటికీ కొలుస్తుండగా ఫోన్ మోగింది. వాచ్‌మన్ తాత. "అమ్మా, పిట్ట నీ వెంట గానీ వచ్చిందా? ఎక్కడా కనపట్టంలేదు. కొత్త గౌను కూడా లేదు."

టేపు చేతిలోంచి జారిపోయింది. కర్టెన్లావిడకి ఏం చెప్పిందో, చెప్పులు ఏ కాలివి ఏ కాలికి వేసుకుందో తెలీదు, పిల్లలింటికి పరుగెత్తింది. గేటు దగ్గరే పెద్దమ్మ ఎదురైంది, మొహంలో నెత్తురు చుక్క లేదు.

"బస్టాండుకే పోయుంటుంది. పద" అంది పెద్దమ్మ. ఇద్దరూ వెళ్ళారు. వచ్చే బస్సులూ పోయే బస్సులూ, దుమ్మూ అరుపులూ. టికెట్ల కిటికీ పక్కన బెంచీ కింద ఎవరో పెద్దాయన సంచీ తలకింద పెట్టుకుని పడుకుని ఉన్నాడు. పిల్ల లేదు. మందుల దుకాణం దగ్గర అడిగారు, పేపర్లమ్మే ఆయన్నడిగారు. నీళ్ళ కుళాయి వెనక్కి కూడా వంగి చూశారు. ఎండ దిగుతోంది. పెద్దమ్మ ఓ బెంచీ మీద కూలబడి ఫోన్ చేతిలోకి తీసుకుంది.

"కమిటీకి చెప్పాలి. పోలీసులకీ చెప్పాలి. చెప్పానంటే ఇంక దాన్ని ఇక్కడ ఉండనివ్వరు. చెప్పకపోతే, అదెక్కడుందో, దానికేమవుతుందో..." ఆవిడ ఫోన్ ఒళ్ళో పడేసింది. "ఎంత చూసినా నిలవదే ఈ పిల్ల! నేనేం తక్కువ చేశాను?"

టైలరమ్మ వచ్చి ఆవిడ పక్కన కూర్చుంది.

"తక్కువ చేసింది నేను మేడం" అంది. "దాని గౌనుకి మడత పెట్టలేదు."

"మడతేంటి? ఇప్పుడు గౌను గొడవేంటి?"

టైలరమ్మ చెప్పింది. పిల్లలు మడతల మీద వేళ్ళు పెట్టి కొలుచుకోవడం, పిట్ట అడిగిన ప్రశ్నలు, తను అన్న మాట, ఆ పైన ఆడిన అబద్ధం, అన్నీ చెప్పింది. "మడతుంటే వచ్చే ఏడు ఇక్కడే ఉంటానని లెక్క వేసుకుంది పిచ్చిది. అందరికీ ఉంది, దానికి లేదు. మనం దాన్ని పంపించేస్తామని అర్థం చేసుకుని ఉంటుంది. గుడ్డ చాల్లేదండీ. అడుగుదామంటే నాకు నోరు రాలేదు."

"ఎందుకు చాల్లేదు? తానంతా ఇచ్చాను కదా" అని మొదలుపెట్టిన పెద్దమ్మ మధ్యలోనే ఆగిపోయింది. బల్లగుడ్డ నేల దాకా వేలాడాలన్నదెవరో ఆవిడకే గుర్తొచ్చింది. తిలాపాపం తలా పిడికెడు.

అప్పుడు టైలరమ్మ ఫోన్ మోగింది. అత్తగారు.

"ఏమే, ఏ ఊళ్ళో ఊరేగుతున్నావు? ఇక్కడ నీ కోసం గిరాకీ వచ్చి కూర్చుంది!"

"ఇప్పుడు గిరాకీలేంటి అత్తయ్యా, ఇక్కడ మా ప్రాణాలు పోతుంటే..."

"ముందు విను. మధ్యాహ్నం తలుపేసుకుని ఓ కునుకు తీశాను. లేచి చూస్తే మెట్ల మీద ఓ పిల్ల. ఎప్పుడొచ్చిందో ఏమో! ఒళ్ళో నీలం గౌను. లోపలికి రావే అంటే రాదు, పేరు చెప్పవే అంటే చెప్పదు. టైలరత్తే కావాలిట. నేను పనికిరానుట!"

టైలరమ్మ పెద్దమ్మ భుజం పట్టి కుదిపి, "ఉందండీ, మా షాపు మెట్ల మీదే ఉంది" అంది. నవ్వు ముందొచ్చిందో ఏడుపు ముందొచ్చిందో ఆవిడకే తెలీదు. పెద్దమ్మ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని, గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. అంత పెద్దమనిషి బస్టాండులో అందరూ చూస్తున్నారని కూడా లేకుండా కళ్ళు తుడుచుకుంది.

ఆటో వంతెన దిగేసరికి పిట్ట కత్తెర బొమ్మ కింద, పై మెట్టు మీద కూర్చుని ఉంది. టైలరమ్మని చూసి లేచింది. వెనకే దిగుతున్న పెద్దమ్మని చూసి ఓ అడుగు వెనక్కి వేసింది. కానీ పరుగెత్తలేదు.

"నేను పారిపోలేదు" అంది. "గోడ కూడా దూకలేదు. గేటులోంచే వచ్చా. తాత కునుకుతుంటే లేపలేదు, అంతే."

"మరెందుకొచ్చావే తల్లీ?" అంది పెద్దమ్మ. గొంతులో కోపం లేదు.

పిట్ట గౌను టైలరమ్మ ముందుకి చాపింది. "దీనికి మడత పెట్టు. అందరికీ పెట్టావు. నాక్కూడా పెడతానన్నావు."

అడగడానికి వచ్చిందన్నమాట. పారిపోవడం తప్ప ఇంకేమీ రాదనుకున్న పిల్ల, ఉండనివ్వమని అడగడానికి ఒక్కర్తీ వంతెన దాటి వచ్చి, మూసిన తలుపు ముందు అంతసేపు కూర్చుంది. ఆ సంగతి తలకెక్కేసరికి పెద్దవాళ్ళు ముగ్గురికీ నోట మాట రాలేదు. అత్తగారితో సహా. అది ఆ షాపులో అరుదు.

"పెడతాను తల్లీ" అంది టైలరమ్మ చివరికి. "పొద్దున నీతో అబద్ధం చెప్పాను. కొత్త మోడలూ కాదు, పాడూ కాదు. గుడ్డ అయిపోయింది. అయితే ఇప్పుడు ఈ రంగు గుడ్డ ఎక్కణ్ణుంచి..."

పెద్దమ్మ అప్పటికే లోపలికి వెళ్ళింది. అత్తగారి కుర్చీ మీద లేత నీలం బల్లగుడ్డ కుప్పగా ఉంది, మూడు వైపులా అల్లిక అయిపోయి, నాలుగో వైపు సూది గుచ్చి. దాన్ని తీసుకొచ్చి కోత బల్ల మీద పడేసింది.

"దీన్ని కొయ్యి."

"అయ్యో మేడం, రేపు పెద్దవాళ్ళొస్తున్నారు కదండీ!"

"రానీ. బల్లకేమన్నా చలేస్తుందా?"

"చూశావుటే!" అని అత్తగారు కోడలి వైపు తిరిగింది. "నేనన్నప్పుడు విన్నావా?" అంత కష్టపడి అల్లిన అంచు పోతోందన్న బాధ ఆవిడ మొహంలో ఓ పిసరు కూడా లేదు. తనే కత్తెర తీసి అందించింది.

పిట్టకి గౌను తొడిగి ముక్కాలిపీట మీద నిలబెట్టారు. టైలరమ్మ కింద కూర్చుని టేపు తీసి, కొస పిట్ట చేతికిచ్చింది. "మడత ఎంత పెట్టమంటావు?"

పిట్ట ఆలోచించింది. నాలుగు వేళ్ళు చూపించింది. సరిపోలేదనిపించి అయిదో వేలు కూడా చేర్చింది. అదీ చాలదనుకుని అరచెయ్యి మొత్తం చాపి, బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా జానెడు చూపించింది.

"అంతా! జానెడు మడత పెడితే గౌను బరువెక్కి వేలాడుతుందే!"

"వేలాడనీ" అంది పిట్ట.

టైలరమ్మ పెద్దమ్మ వైపు చూసింది. "పెట్టు" అంది పెద్దమ్మ. "ఎంతడిగితే అంత పెట్టు."

పట్టీ కోసి, గౌను అడుగుకి జోడించి మిషను మీద కుట్టింది. లోపలికి తిప్పి ఇస్త్రీ పెట్టె ఆనించింది. తర్వాత చేతికుట్టుకి అత్తగారికి ఇవ్వబోతే పిట్ట గౌను వదల్లేదు. "నువ్వే" అంది టైలరమ్మతో. "సరే మహాతల్లీ, నేను పనికిరానుగా" అని అత్తగారు నవ్వుకుంటూ అందరికీ టీ పెట్టడానికి లేచింది. పెద్దమ్మ గుమ్మంలో నిలబడి వాచ్‌మన్ తాతకి ఫోన్ చేసింది. "దొరికింది. కాదు, కాదు, పారిపోలేదు. టైలరు దగ్గరికి పనిమీద వెళ్ళింది. కమిటీకి చెప్పాల్సిందేం లేదు."

మర్నాడు పెద్దలొచ్చారు. అతిథుల గదిలో బల్ల నున్నగా తుడిచి ఉంది, గుడ్డ లేదు. పిల్లలు గీసిన పెన్సిలు గీతలూ, పాత సిరా మరకా బయటపడ్డాయి. ఎవరూ పట్టించుకోలేదు, కప్పులు నేరుగా దాని మీదే పెట్టుకుని తాగారు. ఇన్నాళ్ళూ దేనికి హైరానా పడ్డానో అనుకుంది పెద్దమ్మ.

పిల్లలంతా లేత నీలం గౌన్లలో వరండాలో నిలబడ్డారు. గుండీలేవైనా ఊడితే కుట్టడానికని టైలరమ్మ కూడా సూదీదారంతో ఓ పక్కన ఉంది. వచ్చినవాళ్ళలో కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ పిట్ట ముందు ఆగి, "గౌను బావుందే! కొత్తదా?" అని అడిగింది.

పిట్ట తలూపింది. అంత పెద్దావిడ అడిగినందుకు మర్యాదగా వంగి, గౌను అంచు తిరగేసి, జానెడు మడత మొత్తం ఆవిడకి చూపించింది.

"ఇది వచ్చే ఏడు విప్పుతారు" అంది. "మీరు మళ్ళీ వస్తే చూపిస్తా. నేనిక్కడే ఉంటాను."